శాడ్, గ్లాడ్, మ్యాడ్: ఇంగ్లిషు మనసు మాటలను పిల్లలకు ప్రాసతో నేర్పడం ఎలా?

నల్లగొండలో గానీ, పాలమూరులో గానీ ఆరో తరగతి పిల్లను ఇంగ్లిషులో "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడిగి చూడండి. "ఐ యామ్ హ్యాపీ" అంటుంది. ఏడ్చి వచ్చిన రోజైతే "ఐ యామ్ శాడ్" అంటుంది. ఈ రెండు మాటలు దాటి పోదు. అదే పిల్ల ఇంటి దగ్గర రంది, బుగులు, యాష్ట, పరేషాన్, నారాజ్, అలక, కుళ్లు, సంబురం అని వేటికవే తేడా తెలిసి వాడుతుంది. ఆ పిల్ల దగ్గర భావాలున్నాయి, వాటికి తెలుగు పేర్లూ ఉన్నాయి. ఇంగ్లిషు పేర్లే లేవు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లిషు మీడియం వచ్చాక ఈ లోటు మరీ కనిపిస్తోంది. సైన్సు మాటలు, లెక్కల మాటలు పుస్తకమే నేర్పుతుంది. మనసులో ఉన్నది చెప్పుకునే మాటలను మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి.

దీనికి ప్రాస మంచి సాధనం. అయితే మొదటి రోజు నుంచీ ఒక జాగ్రత్త ఉండాలి. ప్రాస మాట ధ్వనిని గుర్తుంచుతుంది, అర్థాన్ని గుర్తుంచదు. 'ఎనాయ్డ్', 'ఓవర్‌జాయ్డ్' జంటగా నోటికొచ్చిన పిల్లకు ఏది చిరాకో, ఏది సంబురమో తారుమారైతే నేర్పిన శ్రమంతా వృథా. కాబట్టి ధ్వనిని ప్రాసతో కట్టండి, అర్థాన్ని ఇంటిమాటతోనూ సందర్భంతోనూ కట్టండి. కింద చెప్పే పద్ధతి మొత్తం ఈ రెండు ముడుల గురించే.

సామాను పెద్దగా అక్కర్లేదు. పాత పెళ్లి పత్రికల అట్టలు కోసి అరచేతి సైజు ముక్కలు చేయండి, ఒక స్కెచ్ పెన్ను పెట్టుకోండి. రోజుకు 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, వారానికి నాలుగు మాటలు చాలు. అంతకు మించి ఎక్కించకండి. శుక్రవారం నాటికి ఎనిమిది మాటలు చెప్పిన పిల్లకు సోమవారం నాటికి రెండే మిగులుతాయి.

మొదటి మెట్టు: చెవిని సిద్ధం చేయడం

ఇంగ్లిషు ప్రాస వేరు, మన ప్రాస వేరు. ఇది చెప్పకుండా మొదలుపెడితే పిల్లలు తప్పు జంటలు కడతారు. కంద పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం. అక్కడ హల్లు కలవాలి, ముందున్న అచ్చు వేరైనా కావచ్చు. ఇంగ్లిషులో లెక్క మాటకు చివర ఉంటుంది. ఊనిక పడిన, అంటే ఒత్తి పలికే, అచ్చు దగ్గర మొదలై చివరి దాకా అన్నీ కలవాలి, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం మారాలి.

దీన్ని తెలుగు మాటలతోనే చూపించండి. నల్లబల్ల మీద చెట్టు, మెట్టు, గట్టు, పొట్టు అని రాయండి. మన చెవికి నాలుగూ ఒకే ప్రాస, ఎందుకంటే 'ట్టు' కలిసింది. ఇంగ్లిషు చెవికి మాత్రం చెట్టు, మెట్టు జంట అవుతాయి గానీ చెట్టు, గట్టు కావు. 'ఎ' ఎక్కడ, 'అ' ఎక్కడ! ఇది ఒకసారి పట్టుబడితే 'యాంగ్రీ', 'హంగ్రీ' ఎందుకు జంట కావో పిల్లలే చెప్తారు. తోక ఒకటే అయినా ఊనిక పడిన అచ్చు వేరు. 'సారీ', 'వరీ' కూడా అంతే, స్పెల్లింగు చూసి మోసపోతారు. 'హోప్‌ఫుల్', 'కేర్‌ఫుల్' లాంటివి ఒకే తోక తగిలించుకున్న మాటలు, అంతకు మించి వాటికి ప్రాస చుట్టరికం లేదు.

ముందున్న హల్లు మారాలన్న నియమాన్ని చాలామంది వదిలేస్తారు. 'స్ట్రెస్డ్', 'డిస్ట్రెస్డ్' జంటగా చెప్పించడం తరగతుల్లో మామూలే. అందులో రెండోసారి వచ్చేది మొదటి ముక్కే, ప్రాస కాదు. వాటికి 'ఇంప్రెస్డ్' తోడు చేయండి, అప్పుడు ప్రాస పడుతుంది.

రెండో మెట్టు: ఇంటిమాట ముందు, ఇంగ్లిషు తర్వాత

అట్టముక్క ఒకవైపు ఇంగ్లిషు మాటను ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయించండి. రెండోవైపు పిల్ల ఇంట్లో వాడే మాట ఒకటి, ఆ భావం కలిగే సందర్భం ఒకటి రాయించండి. నిఘంటువు చూసి 'విషాదము', 'ఆగ్రహము' అని రాయించొద్దు. పిల్ల ఎన్నడూ నోట పలకని మాట ఇంకో పరాయి మాటకు ఆధారం కాలేదు.

ఇంటిమాటకూ ఇంగ్లిషు మాటకూ హద్దులు సరిగ్గా ఒకచోట కలవవు. ఆ కలవని చోటే అసలు పాఠం ఉంది, అక్కడ తొందర పడకండి. 'పరేషాన్' చూడండి. లెక్క అర్థం కాకపోతే పరేషాన్, అది 'కన్‌ఫ్యూజ్డ్'. తమ్ముడికి జ్వరమొస్తే పరేషాన్, అది 'వరీడ్'. మన ఒక్క మాటకు అక్కడ రెండు. 'యాష్ట' కూడా అంతే. ఒకే పని చేసి చేసి యాష్టకొస్తే 'బోర్డ్', పక్కవాడు గిల్లుతుంటే యాష్టకొస్తే 'ఎనాయ్డ్'.

'అలక' ఇంకా సున్నితమైనది. మూతి ముడుచుకుని మూల కూర్చున్న పిల్లను "ఏమైంది బిడ్డా, అలిగినవా?" అంటాం. ఇంగ్లిషులో దగ్గరి మాట 'సల్కీ'. ప్రాసకు 'బల్కీ' దొరుకుతుంది, అంటే బరువుగా, పెద్దగా చోటు ఆక్రమించేది. అది మనసు మాట కాకపోయినా జత చేసుకోవచ్చు. అలిగిన మనిషి ఇల్లంతా నిండినట్టు ఉంటుంది కాబట్టి బొమ్మ గుర్తుంటుంది. కానీ మన అలకలో ఎవరో వచ్చి బతిమాలతారన్న ఆశ ఉంది, ప్రేమ ఉంది. 'సల్కీ'లో అవి లేవు, అందులో ఉన్నది మందలింపు. ఎవరినైనా మొహాన 'సల్కీ' అంటే వాళ్లు నొచ్చుకుంటారు. ఈ తేడా పిల్లలకు చెప్పి తీరాలి.

మూడో మెట్టు: ఏ జంటలు, ఏ వరుసలో

మొదటి వారం శాడ్, గ్లాడ్, మ్యాడ్, బ్యాడ్. నాలుగింటిలోనూ 'బ్యాటు' అన్నప్పుడు వచ్చే అచ్చే ఉంది. తెలుగులో రాసేటప్పుడు ఒకదానికి 'శా', ఒకదానికి 'మ్యా' రాస్తాం కనుక పిల్లలకు ప్రాస వినపడదు. అందుకే తెలుగు లిపిలో రాయించకుండా నోటితోనే చెప్పించండి. 'గ్లాడ్' అంటే జరిగిన ఒక విషయానికి కలిగిన సంతోషం. "మీరొచ్చిన్రు, మంచిగైంది" అనే సందర్భం దానిది. 'హ్యాపీ బాయ్' అంటారు గానీ 'గ్లాడ్ బాయ్' అనరు. 'మ్యాడ్' అంటే అమెరికాలో కోపం, ఇంగ్లండులో ముందుగా పిచ్చి. మన పిల్లలకు పిచ్చి అన్న అర్థమే తెలుసు, అందుకని కోపమన్న అర్థాన్ని పని గట్టుకుని చెప్పాలి. 'ఐ ఫీల్ బ్యాడ్' అంటే చేసినదానికో జరిగినదానికో మనసు బాగాలేదని, ఒంట్లో బాగాలేదని కూడా. పాత ఇంగ్లిషులో 'శాడ్'కు కడుపు నిండిన అనీ, 'గ్లాడ్'కు మెరిసే అనీ అర్థాలుండేవి. సంతోషమైతే మొఖం వెలిగింది అని మనమూ అంటాం కదా, పిల్లలకు ఇది చెప్తే ఇష్టంగా వింటారు.

రెండో వారం టియర్‌ఫుల్, ఫియర్‌ఫుల్, చియర్‌ఫుల్. ఇవి నిజమైన ప్రాసలు, తోకకు ముందున్న అచ్చు కూడా కలిసింది. కళ్లల్ల నీళ్లు తిరిగితే మొదటిది, బుగులైతే రెండోది, ఎప్పుడూ నవ్వు మొఖంతో ఉండే మనిషి మూడోది. 'ఫియర్‌ఫుల్' పుస్తకాల్లో కనిపించే మాట, మాటల్లో 'స్కేర్డ్' వాడమనండి. ఇక్కడ ఒక గుంత ఉంది: కన్నీరు అనే మాట, చింపడం అనే మాట ఇంగ్లిషులో ఒకే స్పెల్లింగుతో ఉంటాయి. మొదటిది 'టియర్', రెండోది 'టేర్'. నాలుగో మాటగా 'లోన్లీ' చేర్చండి, దాని గురించి కింద విడిగా ఉంది.

మూడో వారం గ్రంపీ, జంపీ, మూడీ, బ్రూడీ. లేచింది మొదలు గులుగుతూ ఉండేవాళ్లు 'గ్రంపీ'. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడేవాళ్లు 'జంపీ'. గడియకో తీరుగా మారేవాళ్లు 'మూడీ'. 'బ్రూడీ' మన పల్లె పిల్లలకు అన్నిటికన్నా తొందరగా ఎక్కే మాట, ఎందుకంటే అది అసలు పొదుగుకొచ్చిన కోడికి చెప్పే మాట. గంప కింద గుడ్ల మీద కూర్చున్న కోడిని గుర్తు చేయండి. రెక్కలు కాస్త విప్పి, మెడ లోపలికి తీసుకుని, ఎవరు దగ్గరికి పోయినా గుర్రుమంటుంది, మేత వేసినా లేవదు. మనిషి కూడా ఒకే ఆలోచన మీద అట్లా కూర్చుండిపోతే 'బ్రూడీ'. ఇంగ్లండులో పిల్లలు కావాలని మనసు పడే ఆడవాళ్ల గురించి కూడా ఈ మాట వాడతారు కనుక, పెద్దవాళ్ల గురించి వాడొద్దని పిల్లలకు చెప్పండి.

తర్వాతి వారాలకు ఎనాయ్డ్-ఓవర్‌జాయ్డ్, ఎక్సైటెడ్-డిలైటెడ్, ఫ్యూరియస్-క్యూరియస్, ఇలేటెడ్-ఫ్రస్ట్రేటెడ్ పెట్టుకోండి. 'ఫ్యూరియస్' అంటే ఒళ్లు మండే కోపం, 'క్యూరియస్' అంటే తెలుసుకోవాలన్న ఆత్రం. 'ఓవర్‌జాయ్డ్' ఇప్పటికే నిండుకుండ, దాని ముందు 'వెరీ' పెట్టరు. 'ఎక్సైటెడ్', 'డిలైటెడ్' రెండూ ఖుషీయే, కానీ కాలం వేరు. కురుమూర్తి జాతరకు పోయే ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోతే 'ఎక్సైటెడ్'. జాతరలో అడిగిన బొమ్మ కొనిచ్చాక 'డిలైటెడ్'. 'ఫ్రస్ట్రేటెడ్'ను ఇంగ్లండులో 'ట్రే' మీద ఊనికతో అంటారు, అప్పుడే 'ఇలేటెడ్'కు ప్రాస. అమెరికాలో ఊనిక 'ఫ్ర' మీద ఉంటుంది, అప్పుడు ప్రాస సడలుతుంది. టీవీలో విని పిల్లలు అడిగితే రెండూ ఒప్పేనని చెప్పండి.

'ఇంప్రెస్డ్', 'స్ట్రెస్డ్', 'డిప్రెస్డ్' ఆఖరుకు ఉంచండి. సాగర్ 26 గేట్లూ ఎత్తినప్పుడు చూసి అబ్బో అనుకుంటే 'ఇంప్రెస్డ్'. పదో తరగతి పరీక్షల ముందు 'స్ట్రెస్డ్'. వీటి పక్కనే కన్‌ఫ్యూజ్డ్, అమ్యూజ్డ్, బెమ్యూజ్డ్ వస్తాయి. 'బెమ్యూజ్డ్' అంటే నవ్వొచ్చిందని చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. దాని అర్థం అయోమయంలో పడ్డారని, 'కన్‌ఫ్యూజ్డ్'కే దగ్గర.

ఒక్క మాట గట్టిగా: అర్థంలో దగ్గరగా ఉన్నవాటినీ, పూర్తిగా ఎదురైనవాటినీ ఒకే రోజు పరిచయం చేయకండి. ప్రాస ఒకటై, విషయం కూడా దగ్గరిదైతే పిల్లకు పట్టు దొరకదు. సోమవారం 'ఎనాయ్డ్' ఒక్కటే. బుధవారానికి అది నిలబడ్డాక 'ఓవర్‌జాయ్డ్'.

నాలుగో మెట్టు: నోరు తిప్పడం

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక పిల్లలు 'శాడు', 'గ్లాడు' అంటారు. చివర ఉకారం తగిలితే అచ్చం తెలుగు మాటే అవుతుంది. చివరి 'డ్' దగ్గర నాలుకను పైకి ఆనించి అక్కడే ఆపమనండి, పది సార్లు చేస్తే వస్తుంది.

'ఈ డీ' తోక మీద పడే తప్పు మరీ ఎక్కువ. 'బోరెడ్', 'స్కేరెడ్', 'ఎనాయెడ్' అని అదనంగా ఒక అచ్చు చేరుస్తారు. దానితో మాటా చెడుతుంది, ప్రాసా పోతుంది. సూత్రం చిన్నది: తోకకు ముందు ట, డ ధ్వనులుంటేనే 'ఎడ్' పలకాలి. ఎక్సైటెడ్, డిలైటెడ్, ఇలేటెడ్ అట్లాంటివి. స ధ్వని ఉంటే 'స్ట్' అని వినిపించాలి. రాయడం స్ట్రెస్డ్ అని రాసినా పలకడం 'స్ట్రెస్ట్', 'ఇంప్రెస్ట్'. ఇక్కడున్న మిగతావాటికి ఒట్టి 'డ్' చాలు. 'బోర్డ్' అన్నప్పుడు నల్లబల్లకు వాడే 'బోర్డ్' లాగే వినిపిస్తుంది, స్పెల్లింగే వేరు.

'జెలస్' అన్న రాత తెలుగులో రెండు మాటలకు సరిపోతుంది. ఒకటి 'జే' అక్షరంతో మొదలయ్యేది, అంటే కుళ్లు; ఇంకొకటి 'జెడ్' అక్షరంతో మొదలయ్యేది, అంటే ఒక పని మీద తగని పట్టుదల, ఊపు. రెండూ ఒకే గ్రీకు మూలం నుంచి పుట్టాయి, ప్రాస కూడా కలుస్తాయి, తేడా మొదటి ధ్వనిలోనే. దాన్ని పట్టించడానికి మన జొన్నరొట్టె ఉంది. 'జీతం' అన్నప్పటి 'జ'తో మొదలుపెడితే కుళ్లు. 'జొన్న' అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికొచ్చే 'జ' ఉందే, దాన్ని ఇంకాస్త సాగదీసి తేనెటీగలా రొద చేస్తే పట్టుదల. ఉర్దూ తెలిసిన పిల్లలుంటే 'జమీన్' అనిపించండి, సరిగ్గా అదే ధ్వని.

ఐదో మెట్టు: వాక్యంలో కూర్చోబెట్టడం

తెలుగులో కోపం వస్తది, బుగులైతది, సిగ్గేస్తది. మనిషి 'నాకు' దగ్గర ఆగిపోతాడు, భావమే వచ్చి పోతుంది. ఇంగ్లిషులో మనిషే ముందుంటాడు, 'ఐ యామ్' అని మొదలవుతుంది. మనం 'నేను టీచర్‌ను' అని క్రియ లేకుండానే చెప్పగలం కాబట్టి పిల్లలు 'ఐ శాడ్' అనేస్తారు. 'యామ్' పలికినప్పుడు బల్ల మీద ఒక దరువు వేయించండి. దరువు పడలేదంటే మాట వదిలేశారని వాళ్లకే తెలుస్తుంది.

'నామీద కోపం' అన్నది తలలో ఉంటే 'యాంగ్రీ ఆన్ మీ' అని వస్తుంది. 'యాంగ్రీ విత్ మీ' అనిపించండి. 'స్కేర్డ్ ఆఫ్', 'జెలస్ ఆఫ్', 'ఎనాయ్డ్ విత్', 'ఎక్సైటెడ్ అబౌట్' అని ఆ చిన్న మాటను కలిపే అట్టముక్క మీద రాయించాలి, విడిగా కాదు. 'బోర్డ్', 'బోరింగ్' తేడా కూడా ఇక్కడే. 'ఐ యామ్ బోరింగ్' అంటే నేనే బోరు కొట్టే మనిషిని అని అర్థం. భావం కలిగినవాళ్లకు 'ఈ డీ' తోక, కలిగించినదానికి 'ఇంగ్' తోక.

మన మాటల్లో కలిసిపోయిన ఇంగ్లిషు కూడా అడ్డం వస్తుంది. "సార్ సీరియస్ అయిండు" అంటే మనకు కోప్పడ్డాడని, ఇంగ్లిషులో ఆ అర్థం రాదు. "అది ఫీలయింది" అంటే మనకు నొచ్చుకుందని, అక్కడ ఏం ఫీలయిందో చెప్పాల్సిందే. 'మూడాఫ్' అక్కడ మనిషికి వాడే విశేషణం కాదు, 'అప్‌సెట్' అనమనండి. 'గ్రేట్‌ఫుల్'ను గొప్ప అనే 'గ్రేట్' స్పెల్లింగుతో రాయడం కూడా చూస్తుంటాం. దాని స్పెల్లింగు జీ, ఆర్, ఏ, టీ, ఈ అని మొదలవుతుంది. 'హేట్‌ఫుల్' పక్కన పెట్టి రాయిస్తే 'ఏ, టీ, ఈ' వరుస కంటికి అతుకుతుంది.

తర్వాత రెండు పాదాలు కట్టించండి. పొడవు అక్కర్లేదు:

"ద బస్ ఈజ్ లేట్, ఐ యామ్ ఎనాయ్డ్;
అమ్మ ఈజ్ హోమ్, ఐ యామ్ ఓవర్‌జాయ్డ్."

పిల్లలు కట్టినదాంట్లో ప్రాస ఒక్కటే చూడకండి. సందర్భం ఆ భావానికి సరిపోతుందా అని ముందు చూడండి. ప్రాస కుదిరి అర్థం తప్పితే తిప్పి పంపండి. అర్థం కుదిరి ప్రాస తప్పితే మెచ్చుకుని, ప్రాస మీరు సరిచేయండి.

లోన్లీ గురించి విడిగా

'లోన్లీ'కి 'ఓన్లీ' ప్రాస. చివర 'లీ' ఉన్నా ఇది విశేషణమే. 'అలోన్' అంటే పక్కన ఎవరూ లేకపోవడం. 'లోన్లీ' అంటే చుట్టూ నలభై మంది ఉన్నా మనసుకు ఎవరూ లేకపోవడం. మన 'ఒంటరి' రెంటికీ సరిపోతుంది కాబట్టి విడదీసి చూపాలి. పాలమూరు పల్లెల్లో అమ్మానాయినలు పుణె, ముంబై పనులకు పోతే నాయనమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉండే పిల్లలున్నారు. ఈ మాట వాళ్లకు పాఠం కాదు. అందరి ముందు "నీకు ఎప్పుడు లోన్లీ అనిపిస్తది?" అని లేపి అడగకండి. కావలసినవాళ్లు అట్టముక్క వెనకాల రాసుకుంటారు, దాన్ని చదివి వినిపించమనకండి.

'డిప్రెస్డ్' మాటను ఒక్కరోజు దిగులుకు వాడనివ్వకండి, దానికి 'శాడ్', 'అప్‌సెట్' ఉన్నాయి. ఏ పిల్లయినా రెండు వారాలకు మించి దిగులుగానే ఉండి, తిండి, నిద్ర, ఆట మీద మనసు పోకపోతే అది డాక్టరుకు చూపించాల్సిన విషయం. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే డబ్బులు తీసుకోకుండా మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తుందన్నట్టు మాట్లాడితే మాత్రం రెండు వారాలు చూడొద్దు, పిల్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే సాయం తీసుకోండి.

తిరగేయడం, పరీక్షించడం

నేర్పిన అట్టముక్కను మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ తీయండి. ప్రతిసారీ వెనకవైపు చదివి ఇంగ్లిషు మాట అడగండి. ముందువైపు చూపించి అర్థం అడిగితే సగం మంది ప్రాసను బట్టి ఊహించేస్తారు. నెల తర్వాత ప్రాస జంటలను విడదీసి, కలిపేసి, ఒక్కొక్కటే అడగండి. జంట లేకుండా పిలిస్తే పలకని మాటను మళ్లీ రెండో మెట్టుకు తీసుకుపోయి, ఇంటిమాట దగ్గర మొదలుపెట్టండి. సందర్భాన్ని ఈసారి కొత్తది రాయించండి, పాతది పని చేయలేదు కనుక.